చీకటి ప్లేట్‌లో కూడా కణాలు చచ్చాయంటే, మందు కన్నా ముందు గదిని అనుమానించు

ప్రశ్న అడిగింది నల్లగొండలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్న చెల్లె. ఆమె రాసింది కుదించి చెప్తాను. కెమిస్ట్రీ వైపు స్నేహితులు ఫొటోస్టాటిన్ తరహా 'వెలుతురు మందు' కొంచెం చేసిచ్చారట. వెలుగు తగిలితే కణంలోని సూక్ష్మనాళికలు పెరగకుండా ఆపాలి, చీకట్లో ఊరకే పడి ఉండాలి. ఉల్లి వేరు కొనల మీద వేస్తే వెలుగులో ఏమీ కాలేదు, చీకట్లోనూ ఏమీ కాలేదు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ ల్యాబ్‌కు పోయి హీలా కణాలకు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) 50 మైక్రోమోలార్ గాఢతలో మందు ఇస్తే రెండు ప్లేట్లలోనూ కణాలు గుండ్రంగా ముడుచుకుని లేచిపోయాయి. గైడ్ గారేమో "అల్మారాలో కాల్చిసిన్ సీసా ఉండగా ఈ తిప్పలెందుకమ్మా" అంటున్నారు. కాల్చిసిన్ అంటే వెలుగుతో పనిలేకుండా ఆ నాళికలనే ఆపే పాత మందు. ఆ ల్యాబ్‌వాళ్ళు సూక్ష్మనాళికలు ఆకుపచ్చగా మెరిసే కణాలు కూడా ఇస్తామన్నారట. అవి వాడొచ్చా, కణంలో ఒక పక్క మాత్రమే నాళికలను కూల్చొచ్చా అని కూడా అడిగింది. చేతిలో రెండున్నర నెలలే ఉన్నాయి.

ముందు నా సంగతి ఒక ముక్క. మాది పుట్టపాక, నాన్న మగ్గం నేసేవాడు. పదహారేళ్ళుగా మైక్రోస్కోపుల మధ్య బతుకుతున్నాను, అందులో ఆరేళ్ళు ఇలాంటి మందులతోనే. పోలికలన్నీ మగ్గం దగ్గరి నుంచే వస్తాయి, ఓర్చుకో.

మీ మందు చెడిపోలేదనే నా అంచనా. ఉల్లి వేరులో ఏమీ కాకపోవడానికీ, హీలాలో అన్నీ చావడానికీ కారణాలు వేరు వేరు, రెండూ మామూలువే. కానీ ముందు మీ గైడ్ గారి ప్రశ్న తీసుకుందాం. అది ఎగతాళి ప్రశ్న కాదు. ఈ రంగంలో చాలామంది దానికి సరైన జవాబు లేకుండానే పని మొదలుపెడతారు.

సూక్ష్మనాళిక అంటే 25 నానోమీటర్ల మందం ఉన్న బోలు గొట్టం. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్‌లనే ప్రొటీన్లు జంటగా అతుక్కుని, ఒకదాని మీద ఒకటి పేరుకుని పోగులవుతాయి. అలాంటి పోగులు మామూలుగా 13 చుట్టూ చేరితే ఒక గొట్టం. కణ విభజనలో క్రోమోజోములను అటూ ఇటూ లాగేవి ఇవే. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో వాటిని 'కండె పోగులు' అన్న మహానుభావుడు ఎవరో గాని మగ్గం చూసినవాడే అయ్యుంటాడు. అయితే మగ్గం మీది పోగుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ పోగు నిలకడగా ఉండదు. కాసేపు పెరుగుతుంది, ఉన్నట్టుండి కూలుతుంది, మళ్ళీ లేస్తుంది. పక్క గొట్టం పెరుగుతుంటే ఈ గొట్టం కూలుతూ ఉండొచ్చు. ఈ చంచలత్వాన్ని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చూపించారు. కణంలో దీని కొన నిమిషానికి పది మైక్రాన్ల పైచిలుకు పరుగెత్తగలదు.

అంటే మనం చూడాలనుకునే వ్యవహారమంతా సెకన్ల లెక్కలో జరుగుతుంది. కాల్చిసిన్ ట్యూబ్యులిన్‌కు మెల్లగా అతుక్కుంటుంది, అతుక్కున్నాక సులువుగా వదలదు. పైగా ప్లేట్‌లో పోస్తే ఉన్న లక్ష కణాలకూ ఒకేసారి అందుతుంది. ఒక్క కణం విభజనలో సరిగ్గా క్రోమోజోములు వరుసకట్టిన క్షణంలో నాళికలను ఆపి, రెండు నిమిషాల తర్వాత వదిలేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న కాల్చిసిన్‌తో అడగలేం. చెరువు కట్ట తెగ్గొట్టి ఒక్క మడికి నీళ్ళు పెట్టినట్టుంటుంది. తూము కావాలి. ఎత్తాలి, దించాలి, అదీ మనకు కావలసిన మడి దగ్గరే. వెలుతురు మందు ఇచ్చేది ఆ తూమునే. మీ ప్రాజెక్టులో ఇలా ఒకచోట, ఒక క్షణం అన్న ప్రశ్న ఏదీ లేకపోతే మాత్రం గైడ్ గారు చెప్పిందే రైటు. కాల్చిసిన్ వాడేయ్. చౌక, ఇబ్బంది లేదు.

ఇప్పుడు మందు కథ. కాల్చిసిన్ పేరు కాల్చికమ్ అనే మొక్క నుంచి వచ్చినా, మన నల్లమలలో వానాకాలం మంటలా ఎర్రగా పసుపుగా పూసే అడవినాభి దుంపలో, గింజల్లో కూడా అదే ఉంటుంది. ట్యూబ్యులిన్‌ను అసలు గుర్తించింది కూడా దీనివల్లే. 1967లో బోరిసీ, టేలర్ 'కాల్చిసిన్‌ను పట్టుకునే ప్రొటీన్' కోసం వెతుకుతూ పోయి పట్టుకున్న ప్రొటీన్ అది. తర్వాత దక్షిణాఫ్రికా చెట్టు కాంబ్రెటమ్ కాఫ్రమ్ నుంచి 1980లలో జార్జ్ పెటిట్ బృందం కాంబ్రెటాస్టాటిన్ ఏ-4ను వేరుచేసింది. మన మద్ది, కరక్కాయ చెట్లకు అది చుట్టమే, ఒకే కుటుంబం. కాంబ్రెటాస్టాటిన్ కూడా ట్యూబ్యులిన్‌లో కాల్చిసిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది. దాని అణువులో రెండు వలయాల మధ్య రెండు కార్బన్ల జంట బంధం ఒకటుంది. వలయాలు రెండూ ఒకే వైపు ముడుచుకుని ఉంటే, అంటే సిస్ రూపంలో, మందు గట్టిగా పనిచేస్తుంది. అవతలకీ ఇవతలకీ చాచుకుంటే, అంటే ట్రాన్స్ రూపంలో, దాదాపు పనికిరాదు.

రసాయనవేత్తలకు ఆ ఒక్క సంగతి చాలు. ఆ కార్బన్ల జంట తీసేసి నైట్రోజన్ల జంట పెట్టారు. ఇది అజోబెంజీన్ ఎముక. నాకిది చిన్నప్పటి నుంచీ తెలిసిన ఎముకే. నాన్న నూలును నాఫ్తాల్ నీళ్ళలో ముంచి తీసి డయాజో సాల్ట్ నీళ్ళలో వేయగానే, తెల్లటి నూలు మీద కళ్ళముందే ఎరుపు పుట్టేది. ఆ ఎరుపు పుట్టడమంటే అక్కడ నైట్రోజన్ల జంట ఏర్పడడమే. పోచంపల్లి, పుట్టపాకలలో అద్దకం తొట్ల పక్కన పెరిగిన పిల్లలందరం అజో రసాయనం చేతులకు పూసుకున్నవాళ్ళమే, పేరు తెలియదంతే. అజోబెంజీన్‌ను 1834లోనే మిచర్లిష్ తయారుచేశాడు. అది వెలుగులో ముడుచుకుంటుందని 1937లో హార్ట్‌లీ కనిపెట్టాడు. చాచుకున్నప్పుడు రెండు కొసల మధ్య సుమారు 9 ఆంగ్‌స్ట్రామ్‌లు, ముడుచుకుంటే 5.5. ట్యూబ్యులిన్ గుంటకు ఆ తేడా అంటే తాళం చెవికీ చెంచాకూ ఉన్న తేడా.

2015లో ట్రౌనర్, థోర్న్-జెషోల్డ్ బృందం ఈ ఎముకతో చేసిన కాంబ్రెటాస్టాటిన్‌లకు ఫొటోస్టాటిన్‌లు అని పేరుపెట్టింది. ఊదా-నీలం కాంతి, అంటే 390 నుంచి 430 నానోమీటర్లు తగిలితే ముడుచుకుని పనిలోకి దిగుతాయి. ఆకుపచ్చ, 500 నుంచి 530 తగిలితే చాచుకుని పని మానేస్తాయి. చీకట్లో ఉంచితే కూడా, కణం వేడికి, నీళ్ళలో, నిమిషాల్లో వాటంతటవే చాచుకుంటాయి. నీలం వెలుగులో కణాలను చంపే శక్తి చీకట్లో కన్నా 250 రెట్ల దాకా ఎక్కువ ఉంటుందని ఆ పేపర్‌లో ఉంది.

ఆ 250 అనే అంకె దగ్గర కాసేపు కూర్చోవాలి. నీ కష్టమంతా అక్కడే ఉంది.

250 రెట్లు అంటే చీకట్లో సున్నా అని కాదు, 250వ వంతు అని. ఈ తరహా మందు వెలుగులో ఒక మైక్రోమోలార్ చుట్టుపక్కలే పని మొదలుపెట్టేస్తుంది. నువ్వు వేసింది 50. ఇప్పుడు నీ చీకటి ప్లేట్ నిజంగా చీకట్లో లేదనుకుందాం. ఎక్కడో కొంచెం వెలుగు తగిలి నూటికి రెండు అణువులు ముడుచుకున్నాయి. 50లో నూటికి రెండు అంటే ఒక మైక్రోమోలార్. అయిపోయింది, అదొక్కటే కణాలన్నిటినీ ఆపడానికి సరిపోతుంది. మిగిలిన 98 మంచిగా చాచుకుని పడుకున్నా లాభం లేదు. ఎక్కువ మందు వేస్తే తేడా బాగా కనిపిస్తుందనుకుంటాం. ఇక్కడ మాత్రం ఎక్కువ వేసినకొద్దీ తేడా చెరిగిపోతుంది.

నూటికి రెండు ముడుచుకునేంత వెలుగు ఎక్కడి నుంచి వస్తుందంటావా? నా సొంత కథ చెప్తాను. మొదటి ఏడాది 96 గుంటల ప్లేట్‌ను మైక్రోస్కోపు చుట్టూ ఉండే పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి రాత్రంతా వీడియో తీశాను. లేజర్ వాడింది రెండు వరుసల గుంటల్లోనే, మిగతావన్నీ 'చీకటి' గుంటలు. పొద్దున చూస్తే చీకటి గుంటల్లో కూడా కణాలు గుండ్రంగా ఉన్నాయి, కానీ అన్నిట్లో సమానంగా లేవు. ఎడమ అంచున దాదాపు అన్నీ గుండ్రం, అక్కడి నుంచి కుడికి పోయినకొద్దీ తగ్గుతూ తగ్గుతూ, కుడి అంచుకు వచ్చేసరికి హాయిగా పరుచుకుని ఉన్నాయి. అంకెలకు రంగులు వేసి చూస్తే కొంగు దగ్గర ముదురై లోపలికి పోయినకొద్దీ వెలిసిన చీరలా ఉంది. మందు పాడైందని మూడు వారాలు కెమిస్ట్రీ అతన్ని పీక్కుతిన్నాను. పాపం అతను రెండుసార్లు మళ్ళీ చేసిచ్చాడు, రెండుసార్లూ అదే చీర. చివరికి ఒకరోజు రాత్రి పదింటికి మర్చిపోయిన చార్జర్ కోసం వెనక్కి వస్తే, చీకటి గదిలో పెట్టెకు ఎడమ పక్కన నా కంప్యూటర్ మానిటర్ తెల్లగా వెలుగుతూ ఉంది. నేనే ఆపలేదు. ఎల్‌ఈడీ తెరల తెలుపులో 450 నానోమీటర్ల దగ్గర నీలం గట్టిగా ఉంటుంది. మసక వెలుగే, కానీ రాత్రంతా ఆగకుండా. మానిటర్ ఆపాను, చీర మాయమైంది. కెమిస్ట్రీ అతనికి ఇప్పటికీ దసరాకు ఫోన్ చేస్తాను.

అందుకే అంటున్నాను, ఈ మందులో మోతాదు అంటే సీసాలోంచి తీసిన మైక్రోలీటర్లు మాత్రమే కాదు. గదిలోని వెలుతురు కూడా మోతాదే. నువ్వు మైక్రోలీటర్లు పుస్తకంలో రాసుకున్నావు, వెలుతురు రాసుకోలేదు. హుడ్‌లో, అంటే కణాలతో పనిచేసే గాజు పెట్టెలో, ట్యూబ్‌లైటు వెలుగుతుండగా మందు పోశావా? మధ్యలో కణాలు ఎలా ఉన్నాయో అని మైక్రోస్కోపు కింద మామూలు తెల్ల దీపంతో ఎంతసేపు చూశావు? ఆ ఇంక్యుబేటర్‌ను రోజుకు ఎంతమంది తెరుస్తారు? ఒక్కో ప్రశ్న పక్కన నిమిషాలు రాసుకుని కూడు, నీకే తెలుస్తుంది.

నల్లగొండ క్లాక్ టవర్ వైపు పాత ఫొటో స్టూడియోల డార్క్‌రూమ్‌లు నువ్వు చూసి ఉండవు, మీ నాన్నగారిని అడుగు. లోపల ఒక్క ఎర్ర బల్బు, ఇంకేమీ ఉండదు. కాగితానికి ఎరుపు కనపడదు కాబట్టి. ఫొటోస్టాటిన్‌కు కూడా ఎరుపు కనపడదు. 600 నానోమీటర్లు దాటిన వెలుగును ఇది దాదాపు పట్టించుకోదు. ఎర్ర ఎల్‌ఈడీ బల్బు ఒకటి పెట్టుకుని హుడ్ పని అంతా ఆ వెలుగులో చెయ్యి. తెల్ల ఎల్‌ఈడీకి ఎర్ర కాగితం చుట్టి సరిపెట్టకు, పల్చటి కాగితం నీలాన్ని పూర్తిగా ఆపదు. మైక్రోస్కోపు కండెన్సర్ కింద ఎర్ర ఫిల్టర్ గ్లాసు పెట్టు. ప్లేట్లను రెండు పొరల అల్యూమినియం రేకులో చుట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టు. మందు స్టాక్‌ను డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి, ఫ్రీజర్‌లో దాచు. కణాల మీద డీఎంఎస్‌ఓ మొత్తం అర శాతం దాటకుండా చూసుకో. అది కూడా కణాలను పీడిస్తుంది, నేరం మందు మీద పడుతుంది. మీడియంలో పసుపు రంగు పలుకులు తేలుతుంటే మందు కరగలేదని అర్థం, ఆ ప్లేట్ లెక్కలోకి రాదు.

వెలుగు ఇవ్వడానికి కాన్‌ఫోకల్ లేజర్ అక్కర్లేదు. 400 నానోమీటర్ల చుట్టుపక్కల ఊదా ఎల్‌ఈడీలు కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడు, ఆర్డుయినో బోర్డు కూడా అక్కడే దొరుకుతుంది. మీ ఎలక్ట్రానిక్స్ స్నేహితులు ఒక్క సాయంత్రంలో అమర్చిపెడతారు. అయితే ఆగకుండా వెలిగించకు. ముడుచుకున్న అణువు చాచుకోవడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి, పదిహేను సెకన్లకోసారి సెకనులో పదోవంతు కూడా లేని మెరుపు చాలు, మందు పనిలోనే ఉంటుంది. అదే ఒక్కసారి మెరిపించి రేపటిదాకా వదిలేస్తే, అరగంట తిరక్కముందే మందు నిద్రపోతుంది, కణాలు కోలుకుంటాయి, నువ్వేమో మందు పనిచేయలేదని రాస్తావు. ఆగకుండా వెలిగిస్తే ఇంకో గొడవ. ఊదా వెలుగు తానే కణాన్ని కాలుస్తుంది. మీడియంలోని రైబోఫ్లావిన్ ఆ వెలుగుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. ఎల్‌ఈడీల వేడి సరేసరి.

అందుకని నాలుగు ప్లేట్లు లేకుండా ఒక్క అంకె కూడా నమ్మకు. మందు లేదు వెలుగు లేదు, మందు లేదు వెలుగుంది, మందుంది వెలుగు లేదు, మందుంది వెలుగుంది. అందరూ ఆఖరి రెండే చేసి ఫొటోలు పట్టుకుని గైడ్ దగ్గరికి పరుగెత్తుతారు. రెండోదే అసలైనది. దాంట్లో కణాలు బాగాలేకపోతే నాలుగోదాంట్లో ఏం జరిగినా దానికి అర్థం లేదు. కుదిరితే ఐదోది కూడా పెట్టు, చీకట్లో కాల్చిసిన్. నీ కణాలు ట్యూబ్యులిన్ దెబ్బకు ఎలా కనిపిస్తాయో నీ కన్నుకు అలవాటవుతుంది. అల్మారాలో సీసా ఉండనే ఉంది, గైడ్ గారి మాట కూడా విన్నట్టవుతుంది. మోతాదు మాత్రం 50 కాదు. 10 నుంచి మొదలుపెట్టి సగం సగం చేసుకుంటూ 0.1 దాకా దిగు. వెలుగులో ఆగి, చీకట్లో ఆగని చోటు ఎక్కడో మధ్యలో దొరుకుతుంది. అక్కడే ఉండు.

గుండ్రమైన కణమల్లా చచ్చిన కణం కాదు, ఇదొకటి గుర్తుపెట్టుకో. విభజనలో చిక్కుకున్న హీలా కణం కూడా గుండ్రమై, ప్లేట్ కొంచెం తడితే లేచిపోతుంది. మీడియంతో పాటు వాటిని పారబోశావంటే అసలు ఫలితమే సింక్‌లో పోయినట్టు. వాటిని కూడా పట్టి, డీఎన్‌ఏకు అంటుకునే డీఏపీఐ రంగు వేసి, క్రోమోజోములు గట్టిపడి ఉన్నవి ఎన్నో లెక్కపెట్టు. మామూలు ప్లేట్‌లో నూటికి నాలుగైదు అలా ఉంటాయి. మందు సరిగ్గా పడితే పదహారు, ఇరవై గంటలకు సగం దాటాలి.

ఆకుపచ్చ కణాల గురించి అడిగావు. బతికున్న కణాల్లో చూడడానికైతే వద్దు. ఆకుపచ్చ ప్రొటీన్‌ను మెరిపించే 488 లేజర్ ఫొటోస్టాటిన్‌కు కూడా తగులుతుంది. ఫొటో తీసిన ప్రతిసారీ నువ్వు మందు మీట తిప్పుతున్నట్టే. తీయాల్సింది 561 లేదా ఇంకా పొడుగు తరంగాలతో, ఎర్రగా మెరిసే గుర్తులతో. నాళిక పెరిగే కొనకు అంటుకునే ఈబీ3 ప్రొటీన్‌కు ఎర్ర గుర్తు పెట్టిన కణాలు దొరికితే అదృష్టం. కణమంతా తోకచుక్కలు పరుగెడుతున్నట్టుంటుంది. ఊదా మెరుపు ఇవ్వగానే సెకన్లలో అన్నీ ఆరిపోతాయి, ఆకుపచ్చ ఇస్తే మళ్ళీ పుడతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ మీట ఇరవైసార్లు తిప్పాను, కణం అలసిపోయి ఇక లేవలేదు. ఎవరైనా సిలికాన్-రోడమిన్ ట్యూబ్యులిన్ రంగు వాడమంటే ఒప్పుకోకు. దాని రంగు ఎరుపే గాని అది డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుకు తగిలించిన రంగు. తానే నాళికలను గట్టిపరుస్తుంది. ఒక మందు ప్రభావం చూడ్డానికి ఎదురు మందు పోసినట్టవుతుంది.

ఆకుపచ్చ గుర్తుతోనే చూడక తప్పదంటే దానికోసం వేరే మందులు వచ్చాయి. అజోకు బదులు స్టైరిల్ బెంజోథయాజోల్ ఎముకతో చేసినవి 488ను పట్టించుకోవు, 405కే పలుకుతాయి. వాటికి ఇంకో మేలుంది. అజో జంటను, అంటే ఆ నైట్రోజన్ల జంటను, కణంలోని గ్లూటాథయాన్ అనే చిన్న అణువు విరగ్గొట్టగలదు, వీటిని విరగ్గొట్టలేదు. అద్దకం రంగుల్లో కొన్నిటిని నిషేధించింది కూడా ఆ జంట విరిగితే బయటపడే అమీన్లు మంచివి కావనే. రెండున్నర నెలల్లో వీటిని చేయించుకోవడం మాత్రం నీవల్ల కాదు, తెలిసి ఉండమని చెప్తున్నాను.

నీకు నేను చెప్పే దారి ఇంకా సులువు. బతికున్న కణాన్ని చూడాలనే పంతం వదులు. వెలుగు, చీకటి ప్లేట్లు రెండింటినీ ఒకేసారి చల్లటి మిథనాల్‌లో బిగించేయ్. బిగించాక మందు ముడుచుకున్నా చాచుకున్నా ఒకటే, కణం ఇక కదలదు. అప్పుడు ట్యూబ్యులిన్ యాంటీబాడీ వేసి, ఆకుపచ్చ రంగుతోనే హాయిగా ఫొటో తీసుకో. దానికి ముందు మందు లేకుండా ఒక అభ్యాసం చెయ్యి. ఒక ప్లేట్‌ను అరగంట ఐసు మీద పెట్టు. చలికి నాళికలు వాటంతటవే కూలిపోతాయి. తర్వాత 37 డిగ్రీల మీడియం పోసి ఒకదాన్ని రెండు నిమిషాలకు, ఇంకోదాన్ని పది నిమిషాలకు బిగించి చూడు. నడిమి నుంచి కిరణాలు పుట్టుకొస్తున్న సూర్యుడిలా నాళికలు లేస్తుంటాయి. కూలిన నాళికలు ఎలా కనిపిస్తాయో, లేస్తున్నవి ఎలా కనిపిస్తాయో ఖర్చు లేకుండా నీ కళ్ళతో చూసినట్టవుతుంది. ఏసీ గదిలో ప్లేట్‌ను బల్ల మీద పెట్టి కబుర్లు చెప్పుకోకూడదని కూడా దీంతోనే తెలుస్తుంది.

ఉల్లి వేరు సంగతి. ఇందులో నీ తప్పేమీ లేదు, ఎన్నుకున్న జీవే తప్పు. మొక్కల ట్యూబ్యులిన్ కాల్చిసిన్‌ను సరిగ్గా పట్టుకోదు. జంతు కణాలకు మైక్రోమోలార్‌లోపే చాలు, మొక్కలకేమో మిల్లీమోలార్ల లెక్క. 1937 నుంచి మొక్కల్లో క్రోమోజోములు రెట్టింపు చేయడానికి కాల్చిసిన్ వాడుతున్నారు గాని, వాళ్ళు వేసే 0.1 శాతం ద్రావణమంటే రెండున్నర మిల్లీమోలార్లు. ఆలోచిస్తే న్యాయమే అనిపిస్తుంది, దుంపలో అంత విషం దాచుకున్న అడవినాభి ఆ విషానికే చస్తే ఎట్లా బతకాలి? ఫొటోస్టాటిన్ కూర్చునేది కూడా ఆ కుర్చీలోనే కాబట్టి, మైక్రోమోలార్లలో ఉల్లికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి తోడు వేరు మందంగా ఉంటుంది, ఊదా వెలుగు పై పొరల్లోనే చెదిరిపోతుంది. ఉల్లిని క్రోమోజోములకు అసిటోకార్మైన్ రంగు వేసి చూసే ప్రాక్టికల్‌కు వదిలేయ్.

ఇక ఆఖరి ప్రశ్న, కణంలో ఒక పక్క మాత్రమే కూల్చడం. అందరికీ నోరూరే ప్రశ్న ఇది. జవాబు మాత్రం కొంచెం నిరాశగా ఉంటుంది. ఒక్క కణం దాకా అయితే ఫొటోస్టాటిన్ నమ్మకంగా పనిచేస్తుంది. పక్క కణం కదలకుండా దీన్నొక్కదాన్నే ఆపొచ్చు. గర్భాశయానికి ఇంకా అతుక్కోని ఎలుక పిండంలో, ఒకే కణం చీలి పుట్టిన అక్కాచెల్లెళ్ళ కణాల మధ్య మిగిలిపోయే నాళికల వంతెనను 2017లో ఇలా ఒక్కచోటే వెలుగు పెట్టి పరీక్షించారు. కణం లోపల సగం అంటే కష్టం. ఇంత చిన్న అణువు పది మైక్రాన్లు దాటడానికి సెకను కూడా పట్టదు. ఎడమ పక్కన ముడుచుకున్న అణువు నువ్వు రెప్ప వేసేలోపు కుడి పక్కకు చేరుతుంది. రంగు పట్టకుండా నూలుకు చిటికి కట్టినప్పుడు రబ్బరు ఎంత బిగించినా రంగు కట్టు కిందికి ఒక పిసరు పాకుతుంది కదా, అందుకే మన ఇక్కత్ అంచులు అలా పాకినట్టుంటాయి. అక్కడది అందం, ఇక్కడది తలనొప్పి. చుట్టూ ఆకుపచ్చ వెలుగు కంచెలా వేసి, లోపల ఊదా చుక్క పెట్టి కొంతవరకు ఆపొచ్చు. అయితే ఆకుపచ్చ కూడా నూటికి నూరూ చాచదు, కొంత ముడుచుకునే మిగులుతుంది. పూర్తిగా ఆపేది చీకటి ఒక్కటే. నిజంగా సగం కణమే కావాలనుకునేవాళ్ళు జన్యువు వైపు పోయారు. ఈబీ1 ప్రొటీన్‌ను రెండుగా కోసి, మధ్యలో నీలం వెలుగుకు విడిపోయే అతుకు పెట్టారు. ప్రొటీన్ పెద్దది, మెల్లగా కదులుతుంది, కాబట్టి హద్దు నిలుస్తుంది. దానికి కణాల జన్యువులు మార్చాలి, నీ టైములో కాదు. మందు గొప్పతనం ఏ జన్యువూ మార్చకుండా ఏ జంతు కణంలోనైనా పోసి చూడొచ్చు అన్నదే.

రెండున్నర నెలలకు సరిపోయే ప్రశ్న ఒకటి చెప్తాను, నచ్చితే తీసుకో. హీలా కణాలను వెలుగులో ఎనిమిది గంటలు ఆపి, తర్వాత దీపం తీసేసి చీకట్లో పెడితే ఎంతసేపట్లో కోలుకుని విభజన పూర్తిచేస్తాయి? అదే కాల్చిసిన్ పోసి, కడిగేస్తే ఎంతసేపు? పక్కపక్కన రెండు గీతలు గీసి చూపిస్తే గైడ్ గారి ప్రశ్నకు జవాబు కూడా అదే. దీపం ఆపడానికి కడగక్కర్లేదు కదా.

చేతి తొడుగులు లేకుండా పొడి ముట్టుకోకు. ముడుచుకున్నాక ఇది కాల్చిసిన్ దారిలోనే పోయే విషం. మిగిలిన మీడియంను మామూలు సింక్‌లో పోయకుండా వేరే సీసాలో పట్టు.

వచ్చే వారం ఆ నాలుగు ప్లేట్లు అయ్యాక లెక్కలు ఇక్కడే పెట్టు చెల్లె. 'మందు లేదు, వెలుగుంది' ప్లేట్ అంకె ముందు రాయి. అది బాగుంటేనే మిగతా మూడూ చూస్తాను.